నులక మంచం మీద పోకెమాన్ స్లీప్: ఫోన్ ఎక్కడ పెట్టాలి, స్కోరు ఎట్ల వస్తది

"ఎనిమిది గంటలు పండుకున్నా రోజూ డోజింగే వస్తుంది. నా నిద్ర ఖరాబైందా?" నిద్రను కొలిచే ఫోన్ ఆట పోకెమాన్ స్లీప్ ఆడే నల్లగొండ, పాలమూరు పిల్లలు ఎక్కువగా అడిగేది ఇదే. డోజింగ్ అంటే పైపై కునుకుకు ఆ ఆట పెట్టిన పేరు. చాలాసార్లు నిద్రకేం కాలేదు. మంచం నులకది అయ్యుంటుంది, లేదా ఫోన్ పెట్టిన చోటు తప్పు. ఈ ఆట చేసినవాళ్ల లెక్కలో ఉన్నది పరుపు వేసిన మంచం, పక్కనే ప్లగ్గు, చల్లటి గది. మన దగ్గర ఒకరు నులక మంచం మీద, ఒకరు బండల మీద చాప వేసుకుని, ఎండాకాలం వస్తే ఇల్లంతా మిద్దె మీద. యాప్ చెప్పే "ఫోన్‌ను మెత్త (దిండు) పక్కన పెట్టండి" అన్న ఒక్క మాట ఈ మూడింటికీ ఒకేలా పనిచేయదు.

ఆట గురించి తెలియనివాళ్లకు రెండు ముక్కలు. ది పోకెమాన్ కంపెనీ దీన్ని 2019 మేలో ప్రకటించింది. 2020లో వస్తుందన్నారు, వచ్చింది 2023 జులైలో. తయారు చేసింది సెలెక్ట్ బటన్ అనే జపాన్ స్టూడియో. ఒక దీవిలో స్నోర్లాక్స్ అనే లావాటి పోకెమాన్ (ఈ ఆటలోని కల్పిత జీవులను పోకెమాన్లు అంటారు) రోజంతా తింటూ, పండుకుంటూ ఉంటుంది. రాత్రి మీరు పండుకునేటప్పుడు ఫోన్‌లో బటన్ నొక్కి పక్కన పెడతారు. పొద్దుగాల లేచి చూస్తే స్నోర్లాక్స్ చుట్టూ మరికొన్ని పోకెమాన్లు రకరకాల భంగిమల్లో పండుకుని ఉంటాయి. ఏవి వచ్చాయి, ఎట్ల పండుకున్నాయి అన్నది పుస్తకంలో నమోదవుతుంది. బిస్కెట్లు పెడితే స్నేహం కుదిరి మీ వెంట వస్తాయి. నెరోలి అనే ప్రొఫెసర్ పక్కన నిలబడి లెక్క చెబుతుంటాడు. ఇంతే ఆట.

స్కోరు వేరు, నిద్ర రకం వేరు

ఇక్కడే అందరూ తికమక పడతారు. పొద్దున తెర మీద రెండు ఫలితాలు కలిసి కనిపిస్తాయి గానీ, రెండూ వేర్వేరు దారుల్లో వస్తాయి.

మొదటిది స్లీప్ స్కోరు, వందకు. ఇది కేవలం ఎంతసేపు పండుకున్నారన్న దాని మీదే ఉంటుంది. ఎనిమిదిన్నర గంటలు, అంటే 510 నిమిషాలు అయితే నూరు. అంతకన్నా తక్కువైతే ఆ పాలే వస్తుంది. ఏడు గంటలకు దాదాపు 82, ఆరు గంటలకు 71, ఐదు గంటలకు 59. పది గంటలు పండుకున్నా నూరు దాటదు. మీరు ఎంత దొర్లినా, కుక్కలు ఎంత మొరిగినా ఈ అంకె మారదు.

రెండోది నిద్ర రకం: డోజింగ్, స్నూజింగ్, స్లంబరింగ్. మొదటిది పైపై కునుకు, మూడోది గాఢ నిద్ర, నడుమది నడుమ. ఫోన్‌లోని కదలికల సెన్సర్, మైకు పట్టుకున్నదాన్ని బట్టి రాత్రిని మూడు పాళ్లుగా విడగొట్టి, ఏది మీదికి తేలితే ఆ పేరు పెడుతుంది. ఏదీ తేలకపోతే బ్యాలెన్స్‌డ్. ఏ పోకెమాన్లు రావాలన్నది ఈ రకం తేలుస్తుంది. బల్బసార్ డోజింగ్ జాతి, చార్మాండర్ స్నూజింగ్, స్క్విర్టిల్ స్లంబరింగ్. రోజూ డోజింగే వస్తే స్క్విర్టిల్ కోసం ఎదురుచూసి లాభం లేదు. బ్యాలెన్స్‌డ్ వస్తే మూడు రకాలకూ దారి ఉంటుంది.

ఎన్ని వస్తాయన్నది ఇంకో లెక్క. స్నోర్లాక్స్ బలాన్ని (మీరు పెట్టే తిండితో వారమంతా పెరిగి, సోమవారం మళ్లీ సున్నాకు వచ్చే అంకె) మీ స్లీప్ స్కోరుతో గుణిస్తే డ్రౌజీ పవర్. స్నోర్లాక్స్ బలం లక్ష ఉండి, స్కోరు నూరు వస్తే కోటి. అదే 71 వస్తే 71 లక్షలు. ఈ అంకె పెరిగేకొద్దీ వచ్చే పోకెమాన్లు మూడు నుంచి ఎనిమిది దాకా పోతాయి, అరుదైనవి కూడా అప్పుడే దిగుతాయి. ఒక గంట నిద్ర తగ్గితే దాదాపు 12 పాయింట్లు పోతాయి. వారం చివర స్నోర్లాక్స్ బాగా బలిసి ఉన్న రాత్రి ఆ గంట విలువ, సోమవారం రాత్రి గంట కన్నా ఎన్నో రెట్లు ఎక్కువ. సినిమాకు పోయేదుంటే వారం మొదట్లోనే పోవాలి.

కాబట్టి డోజింగ్ వచ్చిందని ఫికర్ పడేవాళ్లు ముందు స్కోరు చూసుకోవాలి. స్కోరు 80 దాటుతుంటే మీ నిద్రా బాగుంది, ఆటా బాగుంది. సరిచేయాల్సింది ఫోన్ చోటు ఒక్కటే.

మంచాన్ని బట్టి చోటు

ఫోన్ మీ మెదడును చూడలేదు. ఆస్పత్రిలో నిద్ర పరీక్ష చేస్తే తలకు తీగలు అంటించి మెదడు అలలు, కళ్ల కదలిక, ఊపిరి అన్నీ రాస్తారు. అప్పుడు తెలిసేదే అసలైన గాఢ నిద్ర. ఫోన్ చేసేది పడక ఎంత ఊగిందో చూసి ఊహించడం. అందుకే పడక మారితే ఫలితం మారుతుంది.

నులక మంచం, నవారు మంచం మొత్తం ఒకటే అల్లిక. కాలు కదిపితే తల దగ్గర కూడా ఊగుతుంది. పక్కన పిల్లవాడు పండుకుంటే వాడి ప్రతి తన్నూ మీ ఖాతాలో పడుతుంది. ఫోన్‌ను అల్లిక నడుమ కాకుండా తల వైపు అంచున, పట్టె మీదికి కొంచెం ఎక్కేలా పెట్టాలి. కింద నాలుగు మడతలు పెట్టిన నూలు దుప్పటి వేస్తే చిన్న చిన్న ఊపులు అందులోనే చస్తాయి. నులక వదులైతే ముందు బిగించండి. వదులు నులక ఒక్కసారి దొర్లితే చాలాసేపు ఊగుతుంది, సెన్సర్‌కు అది పదిసార్లు కదిలినట్టు కనిపిస్తుంది.

నేల మీద పండుకునేవాళ్లది ఉల్టా సమస్య. షాబాదు బండ గానీ సిమెంటు గచ్చు గానీ మీరు దొర్లినా కదలదు. ఫోన్‌ను బండ మీద పెడితే రాత్రంతా చదునుగా గీత వచ్చి, ఏ చప్పుడూ లేకపోతే స్లంబరింగ్ రాస్తుంది. చూడ్డానికి బాగుంటుంది గానీ అది మీ నిద్ర కాదు, బండ నిద్ర. చాప మీద వేసిన బొంత అంచునే, భుజం కదిలితే గుడ్డ లాగబడేంత దగ్గరగా పెట్టాలి. మెత్త అంచు నుంచి ఒక జానెడు దూరం సరిపోతుంది. మరీ దగ్గరగా పెడితే దాని మీదే పండుకుంటారు, మూరెడు దాటితే మీ కదలిక చేరదు.

దూది పరుపు, ఫోమ్ పరుపు ఉన్న మంచాలకు యాప్ చెప్పినట్టే చేయొచ్చు: మెత్త పక్కన, తెర కిందికి. డబుల్ కాట్ మీద ఇద్దరు పండుకుంటే మీ వైపు బయటి అంచుకు పెట్టండి, నడుమ వద్దు. స్ప్రింగుల పరుపు మీద పక్కవాళ్ల కదలిక కూడా పడుతుంది, ఎంత దూరం జరిపినా పూర్తిగా పోదు.

ఇనుప మంచం జర చూసుకోవాలి. కూలర్ స్టాండు మంచం కాలుకు తగిలి ఉంటే మోటారు వణుకు ఇనుము వెంబడి పాకి ఫోన్ దాకా వస్తుంది. బెత్తెడు దూరం జరిపినా చాలు. కూలర్ కాళ్ల కింద పాత సైకిల్ ట్యూబు ముక్కలు వేస్తే ఇంకా మంచిది. ఫ్యాను రెక్కలు తప్పి ఊగుతుంటే అది మంచానికి రాదు, ఆ చప్పుడు మైకుకు వస్తుంది.

ఊహతో పనిలేకుండా తేల్చుకునే పద్ధతి ఒకటుంది. ఫైఫాక్స్ అని జర్మనీలోని ఆఖెన్ విశ్వవిద్యాలయం వాళ్ల ఉచిత యాప్. అందులో గురుత్వం తీసేసిన త్వరణం అనే ప్రయోగం తెరిచి, ఫోన్‌ను రాత్రి పెట్టే చోటే పెట్టి, ప్లే నొక్కండి. ఒక నిమిషం కదలకుండా పండుకోండి. తర్వాత ఒకసారి పక్కకు తిరగండి. మళ్లీ నిమిషం ఊరుకోండి. ఆపి గీత చూస్తే, ఊరికే ఉన్నప్పుడు చదునుగా, తిరిగినప్పుడు ఒక్క గుంపు ముళ్లు లేచి వెంటనే పడిపోవాలి. తిరిగినా ముల్లు లేవకపోతే చోటు మరీ దూరం లేదా మరీ గట్టి. ఊరికే ఉన్నప్పుడే గీత వెంట్రుకల్లా నిక్కి ఉంటే కూలర్ వణుకు. తిరిగాక ముళ్లు ఆగకుండా చాలాసేపు సాగితే నులక వదులు. రెండు మూడు చోట్లు మార్చి చూస్తే పావుగంటలో తేలిపోతుంది. నెలలు నెలలు డోజింగ్ అని తల పట్టుకోవడం కన్నా ఇది నయం.

స్మార్ట్ వాచ్ ఉన్నవాళ్లకు ఈ లొల్లి తక్కువ. తర్వాతి అప్‌డేట్లలో వాచ్ రాసిన నిద్ర లెక్కను తీసుకునే వీలు కలిపారు. వాచ్ చేతికే ఉంటుంది కాబట్టి మంచం ఏదైనా ఒకటే. ఏ వాచ్‌లు కుదురుతాయో యాప్ సెట్టింగుల్లో చూసుకోవాలి. పోకెమాన్ గో ప్లస్ ప్లస్ అని 2023 జులై 14న వచ్చిన గుండ్రటి పరికరం ఇంకొకటి ఉంది. పండుకునేటప్పుడు దాని బటన్ నొక్కి మెత్త పక్కన పెడితే అదే రాసుకుని, పొద్దున బ్లూటూత్‌లో ఫోన్‌కు అప్పజెబుతుంది. మిద్దె మీద పండుకునేవాళ్లకు నిజంగా పనికొచ్చేది ఇదే, ఫోన్ కిందనే చార్జింగులో ఉండొచ్చు. కాకపోతే పొద్దున మళ్లీ బటన్ నొక్కి ఆపడం మరవొద్దు.

ఎండాకాలం, చార్జింగు, కరెంటు

రాత్రంతా యాప్ తెర మీదే నడుస్తుంది కాబట్టి చార్జర్ పెట్టమని అదే చెబుతుంది. ఏప్రిల్, మే నెలల్లో నల్లగొండలో పగలు 43, 44 డిగ్రీలు కొడితే, రాత్రి పది దాటినా మిద్దె స్లాబు సెగలు కక్కుతూనే ఉంటుంది. ఫోన్లు సుమారు 35 డిగ్రీల లోపు గదిలో వాడటానికి చేసినవి. ఆ వేడి మీద ఫాస్ట్ చార్జర్ కూడా తగిలిస్తే ఫోన్ బాగా వేడెక్కుతుంది, చార్జింగు తానే ఆపేస్తుంది, కొన్ని ఫోన్లు యాప్‌ను మూసేస్తాయి. పొద్దున చూస్తే రికార్డు సగంలో తెగి ఉంటుంది.

చేయాల్సింది: అన్నం తినేటప్పుడే ఫాస్ట్ చార్జర్‌తో 80, 90 శాతం దాకా నింపేయండి. పండుకునేటప్పుడు పాత ఐదు వోల్టుల మామూలు చార్జరే పెట్టండి. వెనక రబ్బరు కవరు తీసేయండి. స్లాబు మీద నేరుగా పెట్టొద్దు, బొంత మీదే ఉండాలి. మిద్దె మీద ప్లగ్గు లేకపోతే ఎక్స్‌టెన్షన్ వైరు లాగడం కన్నా పదివేల ఎంఏహెచ్ పవర్ బ్యాంకు మేలు, వానొస్తే వైరు తడిసే భయం ఉండదు. ఫోన్ నిండాక కొన్ని పవర్ బ్యాంకులు తమంతట తామే ఆగిపోతాయి. ఫరవాలేదు, 80 శాతంతో మొదలైన ఫోన్ మంచి బ్యాటరీ అయితే పొద్దుటిదాకా లాగుతుంది.

ఏ కాలమైనా సరే మెత్త కింద, దుప్పటి కింద చార్జింగులో ఉన్న ఫోన్ పెట్టొద్దు. ఆట కూడా ఇదే చెబుతుంది. వేడి పోయే దారి లేక బ్యాటరీ ఉబ్బుతుంది, నిప్పు అంటుకునే ప్రమాదమూ ఉంది. మెత్త పక్కన అంటే పక్కనే, కిందకు కాదు.

కరెంటు పోతే రికార్డు ఆగదు, ఫోన్ బ్యాటరీ మీద నడుస్తుంది. ఆగేది వైఫై. పండుకునేటప్పుడు, లేచాక ఫలితం చూసేటప్పుడు నెట్ కావాలి కాబట్టి మొబైల్ డేటా ఆన్‌లో ఉంచితే పొద్దున రౌటర్ కోసం చూడక్కర్లేదు.

చవక ఆండ్రాయిడ్ ఫోన్లలో రికార్డు తెగడానికి ఇంకో పెద్ద కారణం బ్యాటరీ ఆదా. సెట్టింగుల్లో యాప్స్, అందులో పోకెమాన్ స్లీప్, అందులో బ్యాటరీకి పోయి ఆంక్షలు లేకుండా అనేది ఎంచుకోవాలి. రాత్రి రెండింటికో మూడింటికో ఫోన్ తనంతట తాను రీస్టార్ట్ అయ్యే షెడ్యూలు ఉంటే తీసేయండి. రాత్రి అప్‌డేట్ చేయి అన్నదీ ఆపేయండి. ర్యామ్ తక్కువ ఫోన్ అయితే పండుకునే ముందు మిగతా యాప్‌లన్నీ మూసేస్తే మంచిది. వైబ్రేషన్ పూర్తిగా ఆపాలి. గ్రూపుల్లో అర్ధరాత్రి వచ్చే ప్రతి గుడ్ మార్నింగు ఫోటోకూ ఫోన్ వణికితే అది మీరు కదిలినట్టే రాస్తుంది. డిస్టర్బ్ చేయొద్దు అన్న మోడ్ పెట్టి, ఇంటివాళ్ల నంబర్లకు మాత్రం మినహాయింపు ఇచ్చుకోవచ్చు.

రాత్రి డ్యూటీలు

ఒక్క రికార్డు లెక్కకు రావాలంటే కనీసం 90 నిమిషాలు నిండాలి. రోజుకు రెండు రికార్డులు చేసుకోవచ్చు, రెండూ కలిపి నూరుకు మించవు. ఆటలో రోజు మారేది అర్ధరాత్రి కాదు, తెల్లవారి 4 గంటలకు.

మిర్యాలగూడ రైసు మిల్లుల్లో, మేళ్లచెర్వు సిమెంటు ఫ్యాక్టరీల్లో రాత్రి షిఫ్టు చేసేవాళ్లకు ఈ రెండు రికార్డుల వెసులుబాటు చాలా పనికొస్తుంది. పొద్దున ఏడింటికి వచ్చి పన్నెండు దాకా పండుకుంటే ఐదు గంటలు, 59 పాయింట్లు. మాపటికి మూడున్నర నుంచి ఏడు దాకా మళ్లీ పండుకుంటే మూడున్నర గంటలు, 41. మొత్తం నూరు. రెండు ముక్కలూ ఒకే ఆట-రోజులో, అంటే తెల్లవారి 4 నుంచి మర్నాడు తెల్లవారి 4 లోపల, పడుతున్నాయి కాబట్టి చిక్కు లేదు. ఒక గంట పదినిమిషాల కునుకుకు బటన్ నొక్కి, ఉన్న రెండు అవకాశాల్లో ఒకటి ఆగం చేసుకోవద్దు.

యాసంగి వరికి నడిరాత్రి నీళ్లు పెట్టడానికి పోయేవాళ్లు ఫోన్ వెంట తీసుకుపోవాలి కాబట్టి లేచినప్పుడే రికార్డు ఆపేయాలి. ఆపకుండా జేబులో వేసుకుని గట్ల మీద నడిస్తే ఆ నడకంతా నిద్రలో కదలికగా పడి రకం పూర్తిగా చెడుతుంది.

స్నోర్లాక్స్‌కు పెట్టే తిండి

పగటి ఆటంతా స్నోర్లాక్స్ బలం పెంచడమే. అది రెండు విధాలు: మీ జట్టులోని ఐదు పోకెమాన్లు తెచ్చే పండ్లు, మీరు వండే వంటలు.

పండ్లలో ఆ వారం స్నోర్లాక్స్‌కు ఇష్టమైనవి మూడుంటాయి. వాటికి రెట్టింపు బలం వస్తుంది. మొదటి దీవి గ్రీన్‌గ్రాస్‌లో ఆ మూడు వారవారం మారతాయి. నిద్ర భంగిమలు 20 నమోదయ్యాక తెరుచుకునే సయన్ బీచ్‌లో మాత్రం ఎప్పుడూ ఒరాన్, పెచా, పామ్‌ట్రే. అంటే ఆ పండ్లు తెచ్చే నీటి జాతి, ఫెయిరీ జాతి, ఎగిరే జాతి పోకెమాన్లను ముందే పెంచుకుంటే అక్కడ ప్రతి వారం పనికొస్తాయి. టౌప్ హాలో అనే దీవికి ఫిగీ, లెప్పా, సిట్రస్. కొత్తవాళ్లు గ్రీన్‌గ్రాస్ వదిలి తొందరగా పరుగెత్తుతారు. ఆ జాతులు చేతిలో లేకుండా పోతే బలం పెరగదు, నాలుగు పోకెమాన్లు కూడా రావు.

వంటలు రోజుకు మూడు. పొద్దుటిది 6 నుంచి 12 లోపల, మధ్యాహ్నానిది 12 నుంచి 6 లోపల, రాత్రిది సాయంత్రం 6 నుంచి తెల్లవారి 6 లోపల. ఒక పూట తప్పితే పోయినట్టే, తర్వాత కలిపి వండే వీల్లేదు. రాత్రి వంటకు పన్నెండు గంటల గడువుంది కాబట్టి తొందర లేదు. మధ్యాహ్నానిది ఎక్కువమంది మరిచిపోయేది. అన్నం గిన్నె ముందు కూర్చున్నప్పుడే దానికీ వండి పెట్టే అలవాటు చేసుకోవాలి.

వారానికి ఒకే రకం అడుగుతుంది: కూర, సలాడ్, లేదా తీపి. వంట పేరు తెలియకుండా ఏవేవో వేస్తే మిశ్రమ కూర అని ఒకటి తయారవుతుంది, దాని బలం తక్కువ. మొదట్లో అందరికీ అందుబాటులో ఉండేది ఆపిల్ కూర, ఏడు ఆపిళ్లు వేస్తే చాలు. ఆట మొదట్లోనే ఇచ్చే పికాచు తెచ్చేది ఆపిళ్లే. టమాటా సలాడ్‌కు ఎనిమిది టమాటాలు, పాలు కాచినదానికి ఏడు పాలు. వంటకు సరిపడా వేశాక గిన్నెలో చోటు మిగిలితే, ఎక్కువగా ఉన్న సరుకు దేన్నైనా దాంట్లో నింపొచ్చు, ఆ మేరకు బలం కలుస్తుంది. అరుదుగా దొరికేవి మాత్రం అట్ల పారేయొద్దు.

ఆదివారం గిన్నె రెట్టింపు అవుతుంది. వంట మరీ రుచిగా కుదిరి బలం పెరిగే అవకాశం కూడా ఆ రోజు ఎక్కువ. కాబట్టి శుక్ర, శనివారాల్లో చిన్న వంటలతో గడిపి, పెద్ద వంటకు కావలసినవన్నీ ఆదివారానికి దాచుకోవాలి. సోమవారం స్నోర్లాక్స్ మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది, అడిగే వంట మారుతుంది. మిగిలిన సరుకులు మాత్రం మీ దగ్గరే ఉంటాయి. ఆదివారం రాత్రి నిద్ర పాత వారం బలం మీదే లెక్కకొస్తుంది కాబట్టి ఆ రాత్రి ఎనిమిదిన్నర గంటలు పండుకోవడం వారంలో అన్నిటికన్నా లాభం. మన దగ్గర ఆదివారం రాత్రే ఊరి నుంచి హైదరాబాద్ బస్సెక్కే రాత్రి కూడా కావడం ఒక తిప్పలు. పగటిపూట కునుకు తీసి రెండో రికార్డు వాడుకోవచ్చు, లేదా శనివారమే బయలుదేరాలి.

జట్టులో పోకెమాన్లకు శక్తి అని ఒక అంకె ఉంటుంది. పది నిమిషాలకు ఒకటి చొప్పున తగ్గుతుంది. పొద్దున నూరు ఉంటే పదహారు గంటల నలభై నిమిషాలకు సున్నా. 80 పైన ఉన్నంతసేపు అన్నిటికన్నా వేగంగా పనిచేస్తాయి, మామూలుగా గంట పట్టే పని 27 నిమిషాల్లో అవుతుంది. మీరు తక్కువ పండుకుంటే వీటి శక్తి కూడా పూర్తిగా నిండదు, కాబట్టి మర్నాడు పండ్లూ సరుకులూ తగ్గుతాయి. నిద్ర తక్కువైన రాత్రి రెండుసార్లు దెబ్బ తీస్తుందన్నమాట. జట్టు మొత్తానికి శక్తి నింపే నైపుణ్యం విగ్లీటఫ్, సిల్వియాన్, గార్డివాయిర్‌లకు ఉంది. ఈ మూడింటిలో ఏదో ఒకటి జట్టులో ఉంటే మధ్యాహ్నం తర్వాత కూడా వేగం తగ్గదు. ఈవీ అనే పోకెమాన్ దొరికితే అన్నీ వదిలి సిల్వియాన్‌గా మార్చుకోవడం నా మటుకు మంచి పని.

పండుకునే ముందు ప్రతి పోకెమాన్‌నూ ఒకసారి తట్టి అది మోస్తున్నవన్నీ తీసేసుకోండి. మూట నిండితే ఆ తర్వాత సరుకులు తేదు, పండ్లు మాత్రం నేరుగా స్నోర్లాక్స్‌కు వేస్తుంటుంది. ఆరు గంటలు ఆపిళ్లు తెచ్చే జీవి మూట రెండు గంటల్లో నిండితే మిగిలిన నాలుగు గంటల సరుకు పోయినట్టే.

పున్నమి రోజులు కూడా చూసుకోండి. గుడ్ స్లీప్ డే అని పున్నమికి ముందురోజు, పున్నమి, మర్నాడు మూడు రోజులు డ్రౌజీ పవర్ పెంచి ఇస్తారు, పున్నమి నాడు అన్నిటికన్నా ఎక్కువ. క్లెఫెయిరీ, క్లెఫా లాంటివి ఆ రోజుల్లో ఎక్కువగా దిగుతాయి. బిస్కెట్లు అప్పటికి దాచుకోవాలి. మామూలు బిస్కెట్‌తో ఒక స్నేహ పాయింటు, గ్రేట్‌తో మూడు, అల్ట్రాతో ఐదు. ఐదు పాయింట్ల చిన్న పోకెమాన్‌కు ఒక్క అల్ట్రా చాలు గానీ, అది పన్నెండు పాయింట్ల దాని కోసం ఉంచుకుని చిన్నదాన్ని రోజూ ఉచితంగా వచ్చే బోనస్ బిస్కెట్‌తో నెమ్మదిగా పట్టొచ్చు.

మైకులో పడేవి

మైకు అనుమతి ఇస్తే రాత్రి చప్పుళ్లు ముక్కలు ముక్కలుగా రికార్డవుతాయి, పొద్దున విని చెరిపేయొచ్చు. వద్దనుకుంటే సెట్టింగుల్లో ఆపేయొచ్చు, ఆట ఆగదు. మన ఇండ్లల్లో ఎక్కువగా పడేవి కూలర్, కుక్కలు, కోతల కాలంలో రాత్రంతా నడిచే హార్వెస్టర్, తెల్లవారి గుడి మైకు. ఒకే గదిలో నలుగురు పండుకుంటే ఎవరి గురకో తేలదు. మైకు రంధ్రం సాధారణంగా ఫోన్ కింది అంచున చార్జింగు రంధ్రం పక్కనే ఉంటుంది. ఆ అంచు మీ ముఖం వైపు ఉంటే మీ చప్పుడు, గది నడుమకు ఉంటే అందరిదీ పడుతుంది.

ఒక్క విషయంలో మాత్రం ఈ రికార్డులను ఆటగా వదిలేయకూడదు. గురక పెద్దగా వస్తూ, హఠాత్తుగా పది పదిహేను సెకన్లు నిశ్శబ్దం, ఆ తర్వాత ఉక్కిరిబిక్కిరై ఊపిరి అందుకున్న చప్పుడు రాత్రికి చాలాసార్లు వినిపిస్తే, పగలు బండి నడుపుతూ కునుకు వస్తుంటే, అది స్లీప్ ఆప్నియా, అంటే నిద్రలో ఊపిరి ఆగి ఆగి వచ్చే జబ్బు, కావచ్చు. ఊపిరితిత్తుల డాక్టరుకో ఈఎన్‌టీ డాక్టరుకో ఆ రికార్డు వినిపించండి, ఒక రాత్రి పరీక్ష రాస్తారు. ఆటలో స్లంబరింగ్ వస్తుంది కదా అని ఊరుకోవద్దు. ఫోన్ ఆప్నియాను పట్టలేదు.

బడి పిల్లలు ఆడుతుంటే ఎనిమిదిన్నర గంటలకే నూరు వస్తుందని అక్కడితో లేపొద్దు. 6 నుంచి 12 ఏళ్ల వాళ్లకు 9 నుంచి 12 గంటలు, 13 నుంచి 18 ఏళ్ల వాళ్లకు 8 నుంచి 10 గంటలు నిద్ర కావాలని నిద్ర వైద్యుల లెక్క. ఆట పెద్దవాళ్ల కొలత పెట్టుకుంది.

డబ్బు సంగతి. ప్రీమియం పాస్, వజ్రాలు, ప్యాకులు కనపడుతూనే ఉంటాయి. మొదటి రెండు నెలలు రూపాయి పెట్టక్కర్లేదు, ఆట ఉచితంగా ఇచ్చే వజ్రాలు పోకెమాన్లను ఉంచుకునే పెట్టె పెంచుకోవడానికి వాడితే సరిపోతుంది. పెట్టె నిండిపోయి కొత్తది పట్టలేక పంపించేయడమే మొదట్లో ఎదురయ్యే అసలు ఇబ్బంది. అనవసరమైన వాటిని ప్రొఫెసర్ దగ్గరకు పంపితే ఆ జాతి క్యాండీ వస్తుంది, మిగిలినవాటిని పెంచడానికి పనికొస్తుంది. పంపేముందు ఒక్కసారి దాని ఉపనైపుణ్యాలు (అసలు నైపుణ్యానికి తోడుగా ఉండే చిన్న నైపుణ్యాలు) చూడండి. అవి 10, 25, 50, 75, 100 స్థాయిల్లో తెరుచుకుంటాయి. ఇంకా తెరుచుకోనివి కూడా బూడిద రంగులో ముందే కనిపిస్తాయి. 10, 25లలో పనికొచ్చేవి ఉంటే ఉంచుకోండి, మంచివన్నీ 75 తర్వాతే ఉంటే నిశ్చింతగా పంపేయొచ్చు.